చవక పడవ, పాత కాలువ: ఇంగ్లండ్‌లో వాడిన నారోబోట్ ధర వెనుక ఉన్న లెక్కలు

ఇంగ్లండ్‌లో ఇంటి అద్దెలు పెరిగినకొద్దీ ఒక ఆలోచన చాలామందికి వస్తోంది. ఫ్లాటుకు అంత అద్దె కట్టే బదులు కాలువ మీద ఓ పాత పడవ కొనుక్కుని అందులోనే ఉంటే పోలేదా అని. అమ్మకం ప్రకటనలు చూస్తే ఆశ పుట్టక మానదు. పొయ్యి, మంచం, స్నానాల గది అన్నీ ఉన్న పాత నారోబోట్లు (కాలువల కోసం కట్టిన సన్నని, పొడవాటి పడవలు) 20, 30 వేల పౌండ్లకు కనిపిస్తాయి. చిన్న ఫైబర్‌గ్లాస్ పడవలైతే కొన్ని వేల పౌండ్లకే దొరుకుతాయి.

ఇంకోపక్క ఈమధ్య అక్కడి కాలువల నుంచి వస్తున్న వార్తలు వేరే రకంగా ఉన్నాయి. 2025 జనవరి 1న చెషైర్‌లోని లిటిల్ బోలింగ్టన్ దగ్గర బ్రిడ్జ్‌వాటర్ కాలువ గట్టు తెగి నీళ్లు పొలాల మీద పడ్డాయి. అదే ఏడాది వేసవి కరువుకు ఉత్తర ఇంగ్లండ్‌లో చాలా కాలువల మీద రాకపోకలు ఆపేశారు. లైసెన్సు రుసుముల మీద పడవల వాళ్లకీ, కాలువలు చూసుకునే సంస్థకీ మధ్య వాదన నడుస్తూనే ఉంది.

ఈ వార్తలన్నిటినీ, ఆ పడవ ధరనూ కలిపి చూడాలి. పడవ ఎంత పొడవుండాలి, ఎక్కడ తిరగగలదు, కొన్నాక ఎంత ఖర్చవుతుంది అన్నవి 250 ఏళ్ల కిందట కాలువ తవ్వినవాళ్లు తీసుకున్న నిర్ణయాల మీద ఇప్పటికీ ఆధారపడి ఉన్నాయి. అందుకే ముందు కాలువ సంగతి, తర్వాత పడవ సంగతి.

ఏడడుగుల లాకు ఎలా వచ్చింది

ఫ్రాన్సిస్ ఎగర్టన్ అనే ఆయన బ్రిడ్జ్‌వాటర్ డ్యూక్. వర్స్‌లీలో ఆయనకు బొగ్గు గనులున్నాయి. బొగ్గును మాంచెస్టర్ చేర్చడానికి బండ్ల ఖర్చు భరించలేక కాలువ తవ్వించాడు. జాన్ గిల్బర్ట్, జేమ్స్ బ్రిండ్లీ ఆ పని నడిపించారు. 1761లో కాలువ తెరిచాక మాంచెస్టర్‌లో బొగ్గు ధర దాదాపు సగానికి పడింది. ఒక్క గుర్రం తాడు కట్టి లాగితే 25, 30 టన్నుల సరుకు నీటి మీద కదులుతుంది. నాటి మట్టి రోడ్ల మీద అది ఊహకందని బరువు.

ఈ తొలి కాలువ చాలావరకు ఒకే మట్టంలో సాగింది. అసలు చిక్కు దాని తర్వాత వచ్చిన ట్రెంట్ అండ్ మెర్సీ కాలువతో మొదలైంది. 1766లో పార్లమెంటు చట్టం చేసింది. కుండల వ్యాపారి జోసయ్య వెడ్జ్‌వుడ్ దానికి గట్టి మద్దతుదారు. ఆయన పింగాణీ సామాను బండ్ల మీద కన్నా నీటి మీద భద్రంగా వెళ్తుంది మరి. ఈ కాలువ గుట్టలెక్కి దిగాలి. హేర్‌కాసిల్ దగ్గర 2,880 గజాల సొరంగం తవ్వాలి. అంటే రెండున్నర కిలోమీటర్ల పైమాటే, అదీ చేతిపనిముట్లతో. సొరంగం వెడల్పు ఒక అడుగు పెరిగినా ఖర్చు ఏ స్థాయికి పోతుందో ఊహించుకోవచ్చు. నీటి కొరత సరేసరి. బ్రిండ్లీ 1772లో పోయాడు, కాలువ 1777లో పూర్తయింది. దాంతోపాటు సుమారు ఏడడుగుల వెడల్పు, 72 అడుగుల పొడవు ఉన్న లాకు, అంటే పడవను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే గది, మధ్య ఇంగ్లండ్‌లో స్థిరపడిపోయింది.

దేశమంతటికీ ఒకే కొలత పెట్టేవాళ్లు లేకపోయారు. ప్రతి కాలువకూ ఒక కంపెనీ, ఒక చట్టం, ఒక ఇంజినీరు. లీడ్స్ అండ్ లివర్‌పూల్ కాలువలో లాకులు 14 అడుగుల వెడల్పు ఉన్నా చాలాచోట్ల పొడవు 62 అడుగులే. కాల్డర్ అండ్ హెబుల్ జలమార్గంలో పొడవు 57న్నర అడుగులకు తగ్గుతుంది. జాన్ రెన్నీ కట్టి 1810లో పూర్తిచేసిన కెన్నెట్ అండ్ ఏవన్ కాలువలో మళ్లీ వెడల్పు లాకులే. ఈ తేడాలన్నీ నేటి పడవ ధరలో కనిపిస్తాయి.

ఒక్క పడవ దాటితే ఎన్ని నీళ్లు పోతాయి

డెల్టా కాలువలు ఎరిగినవాళ్లకు లాకు తెలిసిందే. రెండు మట్టాల మధ్య ఒక గది, గదికి రెండు వైపులా తలుపులు. పడవ కిందనుంచి వస్తే గదిలోకి నడిపి, కింది తలుపులు మూసి, పైనుంచి నీళ్లు వదిలి నింపుతారు. నీటితోపాటే పడవ లేస్తుంది. మట్టాలు సమానమయ్యాక పై తలుపు తెరుస్తారు. దిగేటప్పుడు ఇదే తిరగేసి. ఇందులో మోటారేమీ లేదు, పనంతా నీటి బరువే చేస్తుంది. రెండు రెక్కలున్న తలుపులు పై నీటి వైపుకు కోణంగా కలుస్తాయి కాబట్టి నీరు ఎంత నొక్కితే అవి అంత బిగుస్తాయి. ఈ తలుపుల రూపాన్ని లియొనార్డో డా విన్సీకి ఆపాదిస్తారు. గది రూపంలోని లాకు మాత్రం అంతకు ఐదు శతాబ్దాల ముందే, 984లో చైనాలో చియావ్ వేయ్‌యుయె కట్టించాడు.

ఇప్పుడు చిన్న లెక్క. సన్నని లాకు 72 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, మట్టాల తేడా 7 అడుగులు అనుకుందాం. గుణిస్తే 3,528 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున అది దాదాపు లక్ష లీటర్లు. లాకు ఒక్కసారి నిండి ఖాళీ అయితే లక్ష లీటర్లు పై మట్టం నుంచి కిందికి వెళ్లిపోతాయి. వెడల్పు లాకులో రెండు లక్షలు.

గుట్ట మీద ఎత్తయిన భాగం దాటే పడవ ఒకవైపు ఎక్కడానికి లక్ష, అటువైపు దిగడానికి లక్ష లీటర్లు తీసుకుంటుంది. రోజుకు 50 పడవలు దాటితే కోటి లీటర్లు. ఎదురెదురుగా వచ్చే పడవలు వంతులవారీగా లాకు వాడుకుంటే ఇందులో కొంత మిగులుతుంది, అందుకే సరంగులు లాకు దగ్గర ఎదుటి పడవ కోసం ఆగుతారు. పడవ చిన్నదైతే నీళ్లు తక్కువ ఖర్చవుతాయన్నది చాలామందికి ఉండే అపోహ. గది నింపడానికి పట్టే నీళ్లు ఎప్పుడూ ఒక్కటే, అందులో ఎంత పడవ ఉన్నా.

ఈ నీళ్లు గుట్ట మీద ఎక్కణ్ణుంచి వస్తాయి? జలాశయాల నుంచి. చాలావరకు అవీ కాలువలనాటివే. 2019 ఆగస్టులో వేలీ బ్రిడ్జ్ ఊరి పైనున్న టాడ్‌బ్రూక్ జలాశయం కట్ట దెబ్బతిని దాదాపు 1,500 మందిని ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ జలాశయం పీక్ ఫారెస్ట్, మాక్లెస్‌ఫీల్డ్ కాలువలకు నీరిచ్చేది. అలాంటిదొకటి పనిచేయకుండా ఉన్నప్పుడు కరువు కూడా తోడైతే, కాలువ మీద ఉన్నవాళ్లు ఉన్నచోటే ఉండిపోవాలి. 2025 వేసవిలో ఎంతోమందికి అదే జరిగింది. పడవలోనే కాపురముండే మనిషికి ఇది సరదా ప్రయాణం రద్దవడం కాదు. నీళ్ల ట్యాంకు నింపుకునే కుళాయి, మరుగుదొడ్డి ఖాళీ చేసే చోటు లాకు అవతల ఉండిపోతే ఎలా అన్నది ఆ మనిషి రోజూ ఎదుర్కొనే ప్రశ్న.

కాలువ అడుగున ఏముంది

మట్టిలో గొయ్యి తవ్వి నీళ్లు పోస్తే ఇంకిపోతాయి. బ్రిండ్లీ వాడిన ఉపాయం బంకమట్టి. మట్టిని తడిపి, ఇసుక తగుపాళ్లలో కలిపి, గాలి సందులు పోయేదాకా తొక్కి, పొరలు పొరలుగా కాలువ అడుక్కీ పక్కలకీ మెత్తుతారు. కొన్నిచోట్ల పశువుల మందను కాలువ అడుగున అటూ ఇటూ తోలి తొక్కించేవారు. ఈ పొర తడిగా ఉన్నంతకాలం నీటిని ఆపుతుంది. ఎండితే నెర్రెలు ఇస్తుంది. నెర్రెలోంచి సన్నగా మొదలైన ఊట గట్టులోని మట్టిని తోడుకుంటూ పోయి ఒకరోజు గట్టునే తీసేస్తుంది.

వానకు గట్టు తెగుతుంది, కరువుకు అడుగు పగులుతుంది. ఈ రెండు ప్రమాదాల మధ్యనే వేల కిలోమీటర్ల కాలువను నిలబెట్టాలి. ఇంజినీర్లు టెల్ఫర్డ్, జెసప్‌లు కట్టి 1805లో తెరిచిన పాంట్‌కసస్తే అక్విడక్ట్ (కాలువను మోసే వంతెన) దీనికి మినహాయింపు. వేల్స్‌లో డీ నది లోయ మీద 126 అడుగుల ఎత్తున పోతఇనుప తొట్టిలో కాలువ పోతుంది. బంకమట్టి వేసి ఉంటే ఆ బరువుకు స్తంభాలు ఇంకా చాలా లావుండాల్సి వచ్చేది. 2009లో దాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూసి తీరాల్సిన కట్టడం అది. కానీ కాలువల్లో అత్యధిక భాగం అలా ఇనుములో లేదు, మట్టిలోనే ఉంది.

పడవ కొలత ధరను ఎలా మారుస్తుంది

లాకు వెడల్పు సుమారు ఏడడుగులు కాబట్టి నారోబోట్ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. ఇది అందరికీ తెలిసేదే. పొడవు దగ్గరే కొత్తవాళ్లు పొరబడతారు.

70 అడుగుల పడవలో గదులు విశాలం. సన్నని లాకుల్లో బాగానే పడుతుంది. కానీ లీడ్స్ అండ్ లివర్‌పూల్ లాంటి చోట్ల పొట్టి లాకుల్లో ఇమడదు. 57 అడుగుల పడవైతే దాదాపు అన్నిచోట్లకీ వెళ్తుంది. అందుకే 57 అడుగుల పడవ కోసం చూసేవాళ్లు ఎక్కువ, తిరిగి అమ్మడమూ తేలిక. పొడవాటి పడవ అడుగు లెక్కన చూస్తే తరచు చవకగా వస్తుంది. ఒక్క ఊరి చుట్టుపక్కలే ఉండదలచినవాళ్లకు అది నిజంగానే మంచి బేరం. దేశమంతా తిరగాలనుకునేవాళ్లకు కాదు.

10, 12 అడుగుల వెడల్పున్న వైడ్‌బీమ్ పడవల సంగతి ఇంకా తీవ్రం. గ్రాండ్ యూనియన్ కాలువ దక్షిణ భాగంలో తిరుగుతాయి, కెన్నెట్ అండ్ ఏవన్‌లో తిరుగుతాయి, ఉత్తరాన లీడ్స్ అండ్ లివర్‌పూల్‌లోనూ తిరుగుతాయి. కానీ దక్షిణం నుంచి ఉత్తరానికి కాలువ మీద వెళ్లలేవు. మధ్యలో ప్రతి దారిలోనూ ఏడడుగుల లాకులు అడ్డొస్తాయి. వేరే చోటికి మార్చాలంటే క్రేన్‌తో లేపి లారీ మీద తీసుకెళ్లాలి. ‘ధర తక్కువ, కొనేవాళ్లే వచ్చి తీసుకెళ్లాలి’ అన్న ప్రకటన చూసినప్పుడు ఆ పడవ ఏ కాలువ మీద ఉందో, తాము ఉండబోయే చోటికి ఏయే లాకుల మీదుగా వెళ్లాలో చూడకుండా ధర గురించి మాట్లాడటం అనవసరం.

ఉక్కు ఎక్కడ, ఎందుకు తరుగుతుంది

ఇప్పటి నారోబోట్లు చాలావరకు ఉక్కువి. ప్రకటనల్లో 10/6/4 అని రాసి ఉంటుంది. అడుగు పలక 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైన గది గోడలు, కప్పు 4. పాత పడవల్లో అడుగు పలక 6 మిల్లీమీటర్లే ఉండటం మామూలే.

తుప్పు ఒకేలా పట్టదు. నీరు, గాలి కలిసే గీత దగ్గర ఎక్కువ తింటుంది. అడుగు పలక, పక్క పలక కలిసే అంచు గట్టులకు రాసుకుని పూత పోతుంది, అక్కడా తింటుంది. లోపలివైపు, ఇంజను కిందా స్నానాల గది కిందా నిలిచిన నీళ్లు చేసే నష్టం ఎవరికీ కనపడదు. ఇవికాక విద్యుత్తు వల్ల వచ్చే తరుగు ఉంది. మరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో, గట్టు మీది కరెంటు తీసుకునే పడవలన్నీ ఎర్త్ తీగ ద్వారా ఒకదానితో ఒకటి కలుస్తాయి. నీళ్లలో వేర్వేరు లోహాలు, మధ్యలో తీగ. వెరసి పెద్ద బ్యాటరీ తయారవుతుంది. దాన్ని ఆపడానికి గాల్వానిక్ ఐసోలేటర్ పెడతారు. పడవ బదులు తామే కరిగిపోయేలా మెగ్నీషియం దిమ్మలు పొట్టుకు, అంటే పడవ బయటి ఉక్కు దేహానికి, వెల్డింగ్ చేస్తారు. ఆ దిమ్మలు అరిగిపోయాక పట్టించుకోకపోతే పొట్టు అరగడం మొదలవుతుంది.

అందుకే కొనేముందు పడవను నీళ్లలోంచి పైకి తీయించి సర్వేయర్‌తో చూపిస్తారు. ఆ పని చూస్తే చాలా సాదాగా ఉంటుంది. పాచి, నత్తగుల్లలు కడిగేశాక సర్వేయర్ సుత్తితో పొట్టు పొడవునా కొట్టుకుంటూ పోతాడు, చప్పుడు మారిన చోట ఆగుతాడు. నల్ల పూతను కాసంత గీకి లోహం మెరిసేదాకా రుద్ది, జెల్ రాసి, అల్ట్రాసౌండ్ పరికరం ఆనిస్తాడు. ఒక అంకె వస్తుంది, సుద్దతో పొట్టు మీదే రాస్తాడు. సాయంత్రానికి పడవ నిండా అంకెలుంటాయి.

ఆ అంకెల్ని చదవడంలో ఒక మెలిక ఉంది. పక్క పలక మొదట 6 మిల్లీమీటర్లు, ఇప్పుడు చాలాచోట్ల 5.2 అనుకుందాం. నిశ్చింతగానే ఉంది. కానీ ఒకచోట గుంట లోతు 2 మిల్లీమీటర్లు ఉంటే అక్కడ మిగిలింది 3.2. పడవ మునిగేది సగటు మందం వల్ల కాదు, ఆ ఒక్క గుంట వల్ల. చాలా బీమా కంపెనీలు 4 మిల్లీమీటర్లను గీతగా పెట్టుకుంటాయి. అంతకు తగ్గితే పూర్తి బీమా దొరకడం కష్టం. ఈ గీతను పడవ తయారీదారులూ కొందరు సర్వేయర్లూ విమర్శిస్తారు. ఒంటరి గుంటను వెల్డింగ్‌తో పూడ్చుకోవచ్చు, పడవ మొత్తాన్ని పనికిరానిదిగా చూడటం తగదంటారు. బీమావాళ్లకు పడవ మునిగితే డబ్బు కట్టాల్సింది తామే. రెండు వైపులా న్యాయముంది. కొనేవాళ్లు చేయగలిగింది, ఆ గుంట ఒక్కటేనా, చాలా ఉన్నాయా అని నివేదికలో చూసుకోవడం.

మీద మరో రేకు వేస్తే సరిపోతుందా

తరిగిన పొట్టు మీద కొత్త రేకు వెల్డింగ్ చేయడాన్ని ఓవర్‌ప్లేటింగ్ అంటారు. పాత పడవ ప్రకటనల్లో తరచు కనిపిస్తుంది, గొప్పగానూ చెప్పుకుంటారు. పని బాగా చేస్తే పడవకు ఇంకో ఇరవై ఏళ్ల ఆయుష్షు రావచ్చు. కానీ బరువు సంగతి చాలామంది అడగరు.

57 అడుగులంటే 17.4 మీటర్లు. వెడల్పు 2.08 మీటర్లు. అడుగు వైశాల్యం దాదాపు 36 చదరపు మీటర్లు. పక్కల్లో నీటి గీత చుట్టూ 60 సెంటీమీటర్ల ఎత్తు రేకు రెండు వైపులా వేస్తే మరో 21. మొత్తం 57 చదరపు మీటర్లు. 4 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు 31 కిలోలు పైచిలుకు. అంటే దాదాపు 1,800 కిలోలు కొత్తగా పడవకెక్కాయి. నీటి మీద పడవ ఆక్రమించే వైశాల్యం, ముక్కూ తోకా సన్నబడటం తీసేస్తే, 32 చదరపు మీటర్లనుకుందాం. పడవ మునుపటికన్నా ఐదారు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది.

ఐదు సెంటీమీటర్లేగా అనిపిస్తుంది. స్నానాల గది నీళ్లు బయటికి పోయే రంధ్రం నీటి గీతకు 12 సెంటీమీటర్ల పైన ఉండేదనుకోండి, ఇప్పుడు ఆరో ఏడో. లాకులో నీళ్లు ఉరవడిగా వచ్చినప్పుడు, పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ తేడాయే ముఖ్యం. దీనికి పరిష్కారం ఉంది. నారోబోట్ల అడుగున బరువు కోసం ఇటుకలు, సిమెంటు పలకలు పేరుస్తారు, వాటిలో సరిపడా తీసేయాలి. తీశారా లేదా అన్నది అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్న. పాత రేకుకూ కొత్త రేకుకూ మధ్య తడి చిక్కుకుందేమో అన్నది ఇంకోటి.

కాగితాల విషయం

కారుకున్నట్టు పడవకు యజమాని ఎవరో తేల్చే తప్పనిసరి రిజిస్టరు అక్కడి కాలువలకు లేదు. కాలువ లైసెన్సు ఎవరి పేరున ఉందన్నది యాజమాన్యానికి రుజువు కాదు. పాత అమ్మకపు రసీదుల వరస, అప్పు ఏమీ లేదన్న హామీ రాతలో తీసుకోవడమే దారి. గ్యాసు, కరెంటు, ఇంధనం అమరిక చూసి ఇచ్చే బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ నాలుగేళ్లకోసారి కావాలి. అది పొట్టు గురించి ఒక్క మాట కూడా చెప్పదు. సర్టిఫికెట్ ఉంది కాబట్టి పడవ గట్టిదే అనుకుని కొనేవాళ్లుంటారు, ఆ నమ్మకానికి ఆధారం లేదు.

పద్నాలుగు రోజుల నిబంధన, రెండు వాదాలు

పడవ కొన్నాక దాన్ని కట్టుకోవడానికి స్థిరమైన చోటు, అంటే మూరింగ్, ఉంటే దానికి ఏటా అద్దె ఉంటుంది. లండన్ వంటి చోట్ల పడవ కొన్నంత తేలిక కాదు అది దొరకడం. మూరింగ్ లేనివాళ్లకు 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ఒక దారి చూపింది. పడవను నిజాయితీగా ప్రయాణానికే వాడాలి, ఏ ఒక్క చోటా వరసగా 14 రోజులకు మించి ఉండకూడదు, తగిన కారణముంటే మరికొంత గడువు. వీళ్లనే కంటిన్యువస్ క్రూజర్లు అంటారు. చవక పడవలు కొనేవాళ్లలో ఎక్కువమంది లెక్క వేసుకునేది ఈ దారి మీదే.

చిక్కంతా ‘చోటు’ అంటే ఎంత దూరమో చట్టం చెప్పకపోవడంలో ఉంది. 2012 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల జలమార్గాలు చూసుకుంటున్న కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్, లైసెన్సు కాలంలో 15, 20 మైళ్ల పరిధి కన్నా తక్కువ తిరిగితే నిజమైన ప్రయాణంగా ఒప్పుకోవడం కష్టమంటోంది. ఉద్యోగం, పిల్లల బడి ఉన్న కుటుంబానికి ఆ దూరం పెద్ద భారం. ఒప్పుకోకపోతే లైసెన్సు కొత్తది ఇవ్వకపోవచ్చు. ఆపైన 1983 చట్టం కింద పడవనే తీసేయొచ్చు.

2024 ఏప్రిల్ నుంచి మూరింగ్ లేనివాళ్లకు లైసెన్సు మీద అదనపు రుసుము మొదలైంది. తొలి ఏడాది 5 శాతం, 2028 నాటికి 25 శాతం. ఉదాహరణకు లైసెన్సు 1,200 పౌండ్లనుకుంటే 60 పౌండ్లు కాస్తా 300 అవుతుంది. ట్రస్ట్ వాదన: వీళ్లు కాలువ సదుపాయాలు అందరికన్నా ఎక్కువ వాడతారు, ఆ మేరకు కట్టాలి. నేషనల్ బార్జీ ట్రావెలర్స్ అసోసియేషన్ లాంటి సంఘాల వాదన: స్థిర నివాసం లేనివాళ్లు, తక్కువ ఆదాయం వాళ్లు ఎక్కువగా ఉన్న వర్గం మీదే భారం వేస్తున్నారు, మూరింగ్ ఉన్నవాళ్లకు అద్దెకు బదులుగా స్థిరమైన చోటు దక్కినట్టు, ఈ అదనపు రుసుముకు వీళ్లకు దక్కే ప్రత్యేక సేవేమీ లేదు.

నా దృష్టిలో రెండో వాదనలోని కష్టం నిజమైనదే. మొదటి వాదన వెనుక ఉన్న ఒత్తిడీ నిజమే. ప్రభుత్వం 2027 నుంచి 2037 వరకు ట్రస్టుకు సుమారు 40 కోట్ల పౌండ్లు ఇస్తానంది, ఏటేటా 5 శాతం తగ్గిస్తూ. ద్రవ్యోల్బణం కలిపి చూస్తే ఇది తమకు 30 కోట్ల పౌండ్ల కోత అని ట్రస్ట్ చెప్పింది. బంకమట్టి గట్లు, జలాశయాల కట్టలు, వేల చెక్క తలుపులకు ఖర్చు మాత్రం తగ్గదు. లాకు తలుపు పాతికేళ్లు నిలిస్తే ఎక్కువ. ఆ కాలువల మీద 35 వేలకు పైగా పడవలున్నా, వాటి లైసెన్సులు ఈ ఖర్చు మొత్తాన్ని మోయలేవు. 25 వేల పౌండ్ల పడవ కొనేవాళ్లు వచ్చే పదేళ్ల లెక్కలో డీజిలు, బీమాలతోపాటు పెరిగే లైసెన్సునూ, మూతపడే కాలువనూ కలుపుకోవాలి. ఫలానా మార్గానికి నీరిచ్చే జలాశయం ఏది, దాని మరమ్మతు ఎంతవరకు వచ్చింది అన్నది ట్రస్ట్ నోటీసుల్లోనే దొరుకుతుంది. సర్వేయర్ నివేదికతోపాటు అవీ చదవాలి.